ఒకే పోతు, దాని కూతుళ్లు: మేకల మందలో దగ్గరి రక్తం కలిస్తే నష్టం ఎంత?

ప్రశ్న: కాశీనగరం మేకలదొడ్డి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో, కాశీనగరం దగ్గర వంశధార ఒడ్డున ఉన్న చిన్న పల్లె. మా దొడ్డిలో 22 ఆడమేకలు, ఒక పోతు ఉన్నాయి. పోతును మూడేళ్ల కిందట మోహనా వైపు గొల్లల మందలోంచి తెచ్చాము. అది పొడవైన కాళ్లు, నిటారుగా పైకి లేచిన కొమ్ములు, నల్లని నునుపైన ఒళ్లు ఉన్న గంజాం జాతి పోతు. దాన్ని చూసినవాళ్లెవరూ ధర అడగకుండా వెళ్లరు. మొదటి రెండేళ్లలో దాని పిల్లలు బాగా ఎదిగాయి. పండుగల ముందు పాతపట్నం వైపు నుంచి వచ్చే బేరగాళ్లు మా దొడ్డికి వచ్చి కొనుక్కుపోయారు. ఆడపిల్లల్లో మంచివాటిని అమ్మకుండా మందలోనే నిలుపుకున్నాము. ఇప్పుడున్న 22 మేకల్లో సగానికి పైగా ఈ పోతు కూతుళ్లే; రెండు మూడు మేకలైతే కూతురికి అదే పోతు వల్ల పుట్టినవి కూడా.

ఈ ఏడాది ఈతల్లో తేడా కనిపిస్తోంది. కవలలు తగ్గాయి. పుట్టిన పిల్లలు చిన్నవిగా ఉంటున్నాయి, లేచి పొదుగు వెతుక్కోవడానికి ఎక్కువసేపు తీసుకుంటున్నాయి. ఒక పిల్లకు కింది దవడ పొట్టిగా ఉండి చన్ను నోట పట్టలేకపోయింది. సీసాతో పాలు పట్టినా వారం దాటలేదు. నాలుగు మేకలు పోతు దాటిన తర్వాత కూడా మూడు వారాలకు మళ్లీ ఎదకు వచ్చాయి. మా పెద్దనాన్నగారు ఇదంతా ఈసారి వానలు ఆలస్యమై మేత చాలకపోవడం వల్లనే అంటున్నారు. మంచి జాతి పోతును పోగొట్టుకోవద్దని, బయటి పోతును తెస్తే దానితో పాటు రోగం కూడా వస్తుందని ఆయన పట్టు. మా ఊరికి వచ్చే ఎల్.ఐ. (పశుసంవర్ధక శాఖ లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) గారు మాత్రం దగ్గరి రక్తం కలుస్తోంది, పోతును మార్చమని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయారు. ఎందుకో, ఎలాగో వివరంగా అడిగే వీలు దొరకలేదు.

నా సందేహాలు ఇవి. తండ్రి పోతును కూతుళ్ల మీద వదిలితే నిజంగా ఎంత నష్టం? ఇప్పటికే పుట్టిన కూతుళ్లు పనికిరాకుండా పోయినట్టేనా, వాటిని కూడా అమ్మేయాలా? మా పక్క ఊళ్లో బంధువుల దొడ్డిలో ఒక మంచి పోతు ఉంది, మార్పిడికి వాళ్లు ఒప్పుకుంటున్నారు. కాని అది మా పోతు కొడుకే, వాళ్ల మేకకు పుట్టింది. దాన్ని తెచ్చుకుంటే చాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: పశువైద్యం బరంపురం

కాశీనగరం మిత్రులకు నమస్కారం. మీ మూడో ప్రశ్నకు ముందు సమాధానం చెప్తాను, ఎందుకంటే తొందరలో ఆ మార్పిడి జరిగిపోతుందేమోనని నా భయం. ఆ పోతును తెచ్చుకోవద్దు. మీ పోతు కొడుకు మీ మందలోని కూతుళ్లకు సవతి అన్న అవుతాడు. ఊరు మారినంత మాత్రాన రక్తం మారదు.

ఎంత దగ్గరి రక్తమో లెక్కగట్టడానికి జన్యుశాస్త్రంలో ఒక కొలత ఉంది. ప్రతి జీవికి ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఆ రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి దగ్గర ఉన్న ఒకే ప్రతి నుంచి దిగివచ్చే అవకాశం ఎంత అన్నదే ఆ కొలత. తండ్రికీ కూతురికీ పుట్టిన పిల్లలో అది 25 శాతం. సొంత అన్నాచెల్లెళ్లకు పుట్టినా 25 శాతమే. సవతి అన్నాచెల్లెళ్లకు పుడితే 12.5 శాతం. అంటే మీ బంధువుల పోతును తెస్తే నష్టం సగానికి తగ్గుతుందే గాని పోదు. మీరు చెప్పిన ఆ రెండు మూడు మేకలున్నాయి కదా, కూతురికి తండ్రి వల్ల పుట్టినవి, వాటి మీద ఆ కొడుకు పోతు దాటితే 18.75 శాతానికి చేరుతుంది. అదే మేకల మీద మీ పాత పోతే మళ్లీ దాటితే పుట్టే పిల్లల్లో 37.5 శాతం. తరం తరానికీ ఇది పేరుకుపోతుంది, మొదటి తరంలో అంతగా కనబడని నష్టం రెండో తరంలో కళ్లకు కనబడటానికి కారణం ఇదే. మీ దొడ్డిలో మొదటి రెండేళ్లు బాగుండి ఈ ఏడాది తేడా రావడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతోంది: మొదటి రెండేళ్ల పిల్లల్లో ఎక్కువ భాగం బయటి రక్తపు తల్లులకు పుట్టినవి.

నష్టం రెండు విధాలుగా వస్తుంది. ఒకటి, అణగి ఉన్న చెడ్డ జన్యువులు పైకి రావడం. ఇలాంటివి ఆరోగ్యంగా కనిపించే ప్రతి జంతువులోనూ కొన్ని ఉంటాయి. ఒక్క ప్రతిగా ఉన్నంతకాలం మంచి ప్రతి వాటిని కప్పేస్తుంది. తండ్రి దగ్గరున్న ఆ ఒక్క చెడ్డ ప్రతి సగం మంది కూతుళ్లకు చేరుతుంది, ఆ కూతుళ్లతో తండ్రే మళ్లీ కలిస్తే పిల్లలో రెండు ప్రతులూ చెడ్డవే కావడానికి దారి తెరుచుకుంటుంది. పొట్టి దవడ, ఒక్క విత్తే సంచిలోకి దిగడం, పుట్టుకతోనే వంకర కాళ్లు ఈ దారిలో రాగలవు. రెండో రకం నష్టం ఇంత స్పష్టంగా కంటికి కనబడదు, కాని రైతును ఎక్కువగా దెబ్బతీసేది అదే. చూలు నిలవకపోవడం, కవలలు తగ్గడం, పుట్టువేళ బరువు తగ్గడం, పాలు మరిచేలోపు పిల్లలు చనిపోవడం, రోగాన్ని తట్టుకునే శక్తి సన్నగిల్లడం, పోతుల్లో వీర్యం నాణ్యత పడిపోవడం. వీటిలో ఏ ఒక్కటి చూసినా మామూలు విషయంలాగే ఉంటుంది, అన్నీ కలిస్తేనే మంద దిగజారుతుంది. దిగజారడం కూడా ఎంత నెమ్మదిగా జరుగుతుందంటే, దానికి మేతనో వాననో కారణంగా చెప్పుకోవడానికి ఎప్పుడూ వీలుంటుంది.

అలాగని మీ పెద్దనాన్నగారి మాటను నేను కొట్టిపారేయను. మేత తక్కువైనా కవలలు తగ్గుతాయి, పిల్లలు చిన్నవిగా పుడతాయి. చూలు నిలవకపోవడానికి, ఈసుకుపోవడానికి (నెలలు నిండకుండా చూలు పడిపోవడానికి) బ్రూసెల్లా వంటి అంటురోగాలూ కారణం కావచ్చు. రక్తపరీక్షతో అది తెలుస్తుంది, మీ బ్లాకు పశువైద్యశాలలో నమూనా ఇవ్వండి. ఈసుకుపోయిన పిండాన్ని, మావిని ఉత్త చేతులతో ముట్టవద్దు, ఆ రోగం మనుషులకూ అంటుతుంది. పుట్టిన పిల్లల గొంతు దగ్గర వాపు ఉంటే అయోడిన్ లోపాన్ని అనుమానించాలి. అయితే దవడ పొట్టితనం మేత వల్ల వచ్చిందని నేను నమ్మను. ఒక్క పిల్లను చూసి ఖాయంగా చెప్పలేకపోయినా, తల్లి ఆ పోతు కూతురే అయితే మాత్రం నా అనుమానం రక్తం మీదకే పోతుంది.

దవడ చూడటం అందరూ నేర్చుకోవలసిన పని. మేకకు పై వరసలో ముందు పళ్లు ఉండవు, గట్టి చిగురు మెత్త మాత్రమే ఉంటుంది. పిల్ల నోరు మూసి పట్టుకుని, పై పెదవిని బొటనవేలితో కాస్త పైకెత్తి చూస్తే, కింది పళ్ల అంచు ఆ మెత్తకు సరిగ్గా తగలాలి. అంచు మెత్తకు లోపలగా పడిపోతే కింది దవడ పొట్టి, ముందుకు పొడుచుకు వస్తే పొడుగు. కొద్దిపాటి తేడా ఉన్న పిల్ల పాలు తాగి బతుకుతుంది గాని మేతకు వదిలాక గడ్డిని సరిగ్గా కొరకలేదు. అలాంటి దాన్ని మాంసానికి పెంచుకోవచ్చు, ఈతకు మాత్రం ఉంచకూడదు. మగపిల్ల అయితే విత్తుల సంచిని వెనక నుంచి మెల్లగా తడిమి రెండూ ఉన్నాయో లేదో చూడండి.

ఇక మీ రెండో ప్రశ్న. కూతుళ్లను అమ్మనక్కరలేదు. ఇది చాలామందికి తెలియని మంచి వార్త: దగ్గరి రక్తంలో పుట్టిన మేకైనా సరే, ఏ బంధుత్వమూ లేని పోతుతో కలిస్తే దానికి పుట్టే పిల్లలో ఈ శాతం సున్నాకు పడిపోతుంది. ఒక్క తరంలోనే అంత మార్పు వస్తుంది. తల్లే బలహీనంగా ఉంటే పాలు తక్కువై ఆ ప్రభావం పిల్లల మీద కొంత ఉంటుంది, అంతే. కాబట్టి మీ పోతు ఇచ్చిన మంచి ఒళ్లు, ఎత్తు ఆ కూతుళ్లలో ఉన్నాయి, అవి మీ మందలోనే నిలుస్తాయి. పంపవలసింది పోతునే. దవడ తేడా ఉన్న పిల్లను ఈనిన తల్లిని మాత్రం నేనైతే ఉంచను; ఆ పిల్ల తోడబుట్టిన మగపిల్లలకు విత్తులు కొట్టించేస్తాను.

జవాబు: గుణుపూర్ మందకాడ

డాక్టరు గారు శాస్త్రం చెప్పారు, నేను ఆచరణ చెప్తాను. పోతును ఎప్పుడు మార్చాలన్నది లెక్క తేలిగ్గా తేలుతుంది. ఆషాఢంలో పోతును మందలో వదిలామనుకోండి. మేక చూలు ఐదు నెలలు, కాబట్టి మార్గశిరంలో ఈతలు మొదలవుతాయి. ఆ ఈతలో పుట్టిన మరకలు (ఇంకా ఈనని ఆడపిల్లలు) బాగా మేస్తే ఏడెనిమిది నెలలకే ఎదకు వస్తాయి, అంటే మళ్లీ ఆషాఢ శ్రావణాల నాటికి సొంత కూతుళ్లు పోతు ముందు నిలబడతాయి. ఏడాది తిరిగేసరికి పోతు మారాలి, లేదా ఆ మరకలను వేరే దడిలో కట్టాలి. రెండేళ్లు, మూడేళ్లు ఉంచుకుంటే ఏ మందలోనైనా మీకు జరిగిందే జరుగుతుంది. మగపిల్లల సంగతి మరిచిపోకండి. నాలుగు నెలలకే కొన్ని చెల్లెళ్ల మీద, తల్లి మీద ఎక్కడం మొదలుపెడతాయి. మూడు నెలలు దాటగానే విత్తులు కొట్టించడమో, వేరు చేయడమో చేయాలి. తండ్రి పోతును మార్చి, దొడ్డిలో తిరిగే ఈ కుర్ర పోతులను చూడనివాళ్లను నేను చాలామందిని ఎరుగుదును.

మేము మూడు ఇళ్లవాళ్లం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాము. మా ఇంట్లో పుట్టిన మంచి మగపిల్ల రెండో ఇంటికి పోతుగా వెళ్తుంది, రెండో ఇంటిది మూడో ఇంటికి, మూడో ఇంటిది మా ఇంటికి వస్తుంది. దిశ ఎప్పుడూ మారదు. ఎవరూ తమ ఇంట పుట్టిన మగపిల్లను తమ మందలో వదలకూడదన్నది ఒక్కటే కట్టుబాటు. కొందరు ఒకే పోతును ఇంటింటికీ తిప్పుతారు, అదీ మంచిదే గాని మూడో ఇంటి తర్వాత అది మళ్లీ మొదటి ఇంటికి చేరితే అక్కడ కూతుళ్లు ఎదురుచూస్తూ ఉంటాయి. చక్రం పూర్తయ్యేలోపే దాన్ని అమ్మేయాలి.

ప్రశ్న అడిగినవారు: కాశీనగరం మేకలదొడ్డి

ఇద్దరికీ ధన్యవాదాలు. బంధువులతో మార్పిడి ఆపేశాను. మా పెద్దనాన్నగారికి ఇదంతా చదివి వినిపిస్తే ఆయన ఒక ప్రశ్న వేశారు, దానికి నా దగ్గర జవాబు లేదు. మన ఇళ్లలో తరతరాలుగా మేనరికాలు చేసుకుంటున్నాము, మేనమామకు పిల్లనిస్తున్నాము, అందరం బాగానే ఉన్నాము కదా, మేకలకు మాత్రం ఎందుకింత పట్టింపు అని. రెండోది, మేము రాతకోతలు ఏమీ ఉంచలేదు. ఏ మేక ఎవరి కూతురో మా అమ్మకు గుర్తే గాని, బేరానికి తెచ్చిన వాటి సంగతి ఆమెకూ తెలియదు. ఇప్పటి నుంచి ఎలా గుర్తుపెట్టుకోవాలి?

జవాబు: పశువైద్యం బరంపురం

పెద్దనాన్నగారి ప్రశ్న చాలా సరైనది, దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లి చేసుకుంటే పిల్లలో ఆ కొలత 6.25 శాతం. మేనమామ, మేనకోడలు అయితే 12.5 శాతం. తండ్రీ కూతుళ్ల 25 శాతం అనేది మేనరికానికి నాలుగింతలు. పైగా మనుషుల్లో తరానికి పాతికేళ్లు పడుతుంది, మధ్యలో బయటి సంబంధాలూ కలుస్తాయి. మేకల్లో ఏడాదిన్నరకే ఒక తరం వచ్చేస్తుంది, అందులోనూ తండ్రి ఒక్కడే. మేనరికాల్లో కూడా పుట్టుకతో వచ్చే జబ్బుల ముప్పు కొంత పెరుగుతుందని, అందుకే వైద్యులు ముందుగా సలహా తీసుకోమంటారని వారికి మెల్లగా చెప్పండి. అది వేరే చర్చ, ఇక్కడ దాన్ని సాగదీయను.

ఇంకొక లెక్క కూడా చూడండి, ఎందుకంటే ఆడమేకలు ఎక్కువ ఉన్నాయి కదా ఏం పర్వాలేదనే నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. బయటి పశువు రాని మందలో తరానికి ఈ శాతం ఎంత పెరుగుతుందో చెప్పే ఒక సూత్రం ఉంది: పోతుల సంఖ్యను ఎనిమిదితో గుణించి ఒకటిని దానితో భాగించాలి, ఆడమేకల సంఖ్యకూ అలాగే చేసి, రెండూ కలపాలి. మీ 22 మేకలకు ఒక్క పోతైతే అది దాదాపు 13 శాతం. అందులో ఆడమేకల వాటా అర శాతం చిల్లర మాత్రమే, మిగతా 12.5 శాతం ఆ ఒక్క పోతుదే. ఆడమేకలను 22 నుంచి 50 చేసినా ఈ లెక్క దాదాపు కదలదు, కాని రెండో పోతును చేర్చగానే సుమారు 7 శాతానికి పడిపోతుంది. తరానికి ఒక శాతం దాటకుండా చూసుకోవాలని ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ సూచిస్తుంది. ఒక్క ఇంటి మంద తనంతట తాను ఆ హద్దులో ఉండటం కుదరని పని, కాబట్టి గుణుపూర్ వారిలా ఇళ్లు కలవాలి, లేదా ఏటా సంబంధం లేని పోతు బయటి నుంచి రావాలి. మేకలకు కృత్రిమ గర్భధారణ మన పల్లెల్లో ఆవులకు దొరికినంత తేలిగ్గా దొరకదు, అందుకని నేను దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

గుర్తుల విషయం. చెవికి నంబరు బిళ్ల వేయించడం ఉత్తమం. అది దొరక్కపోతే, పుట్టిన రోజునే చెవి అంచున చిన్న గాట్లు పెట్టే పద్ధతి ఉంది, కుడి చెవి గాటు తల్లి వరుసకు, ఎడమ చెవి గాటు తండ్రికి. నోటు పుస్తకంలో పిల్ల పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, ఒంటరా కవలా, పుట్టినప్పటి బరువు, ఈ ఐదూ రాస్తే చాలు. బరువుకు స్ప్రింగు త్రాసు కొక్కేనికి గోనెసంచి తగిలించి, అందులో పిల్లను పెట్టి చూస్తే సరిపోతుంది. ఏ మేక ఎవరిదో తెలియని చోట సంబంధం ఉందనే అనుకోండి. కొత్త పోతు ఎలాగూ బయటిదే కాబట్టి పాత తప్పిపోయిన వంశం ఇక అడ్డు రాదు. అమ్మగారికి గుర్తున్నదంతా ఈ వారమే కూర్చోబెట్టి రాయించుకోండి, అంతకు మించిన రిజిస్టరు మీకు ఎక్కడా దొరకదు.

జవాబు: మందస మేకల వ్యాపారి

నేను సరిహద్దుకు ఇవతల శ్రీకాకుళం జిల్లావాడిని, అటూ ఇటూ సంతల్లో తిరుగుతుంటాను. బయటి పోతు రోగం తెస్తుందన్న పెద్దనాన్నగారి భయం ఉత్తది కాదని నా అభిప్రాయం. సంతలో పది ఊళ్ల మేకలు ఒకచోట రాసుకుంటాయి. పారుడు రోగం (పీపీఆర్) అక్కడి నుంచి ఇంటికి వచ్చిందంటే పిల్లలు మిగలవు, దాని ముందు రక్తం బలహీనత లెక్కలోకి రాదు. అందుకని పోతును సంతలో కాకుండా మందలోనే కొనండి. అక్కడైతే తల్లిని చూడవచ్చు, తోడబుట్టినవాటిని చూడవచ్చు, ఈ మధ్య ఆ దొడ్డిలో చావులు జరిగాయా అని పక్కింట్లో అడగవచ్చు. కవలగా పుట్టిన పోతును, పాలు బాగా ఇచ్చే తల్లి కొడుకును ఎంచుకోండి. మోహనా వైపే కొంటే మీ పాత పోతు వచ్చిన మందను వదిలి వేరే మందకు వెళ్లండి, లేకపోతే దాని తమ్ముడినే మళ్లీ డబ్బులిచ్చి తెచ్చుకున్నట్టవుతుంది. బేరం ఒంటి మీద, మెరుపు మీద నడుస్తుంది గాని మందకు కావలసింది వంశం.

తెచ్చిన పోతును మూడు నాలుగు వారాలు మీ మందకు దూరంగా, వేరే తొట్టి, వేరే మేతతో కట్టండి. ఆ లోపు నట్టల మందు, పారుడు రోగం టీకా, చిటుక రోగం టీకా పూర్తిచేయండి. టీకాలు మందకు కూడా పడి ఉండాలి. ముక్కు కారడం, కళ్లలో పుసి, పారుడు, నోట్లో పుళ్లు కనిపిస్తే దాన్ని మందలో కలపకూడదు. డాక్టరు గారు చెప్పిన బ్రూసెల్లా రక్తపరీక్ష కూడా అప్పుడే చేయించేయండి.

కొమ్ముల్లేని పోతు గురించి ఒక మాట. కొందరు పోట్లాడదని కొమ్ముల్లేనిదాన్ని ముచ్చటపడి కొంటారు. కొమ్ముల్లేని పోతును కొమ్ముల్లేని ఆడమేకతో కలిపితే, ఆడగా పుట్టవలసిన పిల్లల్లో కొన్ని ఆడా మగా కాకుండా పుట్టి, ఎప్పటికీ ఈనవు. కొమ్ముల్లేకుండా చేసే జన్యువు రెండు ప్రతులూ కలిసినప్పుడు జరిగేది ఇది. జంటలో ఒకటి కొమ్ములున్నదైతే ఈ చిక్కు రాదు. మీవి గంజాం మేకలు కాబట్టి కొమ్ములుంటాయి, చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

జవాబు: జంతుశాస్త్రం రాయగడ

నేను మేకలు పెంచను, జంతుశాస్త్రం చెప్తాను. అణగి ఉన్న జన్యువు తండ్రీ కూతుళ్ల కలయికలో ఎలా బయటపడుతుందో మన ఒడిశాలోనే పేరున్న ఉదాహరణ ఒకటి ఉంది. భువనేశ్వర్ నందన్‌కానన్‌లో 1980లో మామూలు పసుపు రంగు పులులకు మూడు తెల్లపులి పిల్లలు పుట్టాయి. తండ్రి పేరు దీపక్, తల్లి పేరు గంగ. గంగ దీపక్ కూతురే. ఇద్దరిలోనూ కనబడకుండా ఉన్న తెలుపు జన్యువు పిల్లలో రెండు ప్రతులుగా చేరింది. అంతకు ముందు రేవాలో 1951లో పట్టుకున్న మోహన్ అనే తెల్లపులి విషయంలోనూ ఇదే జరిగింది: మామూలు ఆడపులితో కలిపితే ఒక్క తెల్లపిల్లా పుట్టలేదు, కూతురు రాధతో కలిపాకే 1958లో తెల్లవి పుట్టాయి. అక్కడ బయటపడింది జనం మెచ్చిన రంగు కాబట్టి పండుగ చేసుకున్నారు. దాని వెంట మెల్లకన్ను కూడా వచ్చింది, తెల్లపులుల్లో కంటి నరాలు మెదడుకు చేరే దారే తేడాగా ఉంటుంది. ఈ దారిలో ఏ జన్యువు పైకి వస్తుందో ఎంచుకునే వీలు మన చేతిలో ఉండదు.

రూపం చూసి ఎంచుకోవడం గురించి వ్యాపారి గారు అన్నదానికి ఒక విదేశీ ఉదాహరణ చెప్తాను. ముంగిసలా పొడవైన ఒళ్లుండి, నీటికుక్కల కుటుంబానికి చెందిన ఫెర్రెట్ అనే జంతువును అమెరికా, యూరప్‌లలో ఇళ్లలో పెంచుకుంటారు. తల మీద తెల్ల చార లేదా పూర్తిగా తెల్ల తల ఉన్నవాటికి గిరాకీ ఎక్కువ. అవి అందంగా ఉంటాయి, వాటిలో పుట్టుచెవుడు కూడా ఎక్కువే. రంగు కోసం ఒకే వంశాన్ని పదేపదే కలిపేవారు చెవుడును కూడా తెలియకుండా పెంచుతున్నారు.

దాని అడవి బంధువు నల్లకాళ్ల ఫెర్రెట్ కథ ఇంకా గట్టిది. అది అంతరించిందనుకున్నాక 1981లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో మీటీట్సీ అనే చోట కొన్ని బయటపడ్డాయి. అక్కడా రోగాలు తగిలితే మిగిలిన 18 జంతువులను 1987 నాటికి పట్టి, కాపాడి పెంచారు. ఇవాళ బతికున్న వాటి వంశమంతా దాదాపుగా అందులోని ఏడింటి నుంచే వచ్చింది. ఎవరిని ఎవరితో కలపాలో ఒక్కొక్క జంటకూ వంశవృక్షం చూసి నిర్ణయిస్తారు, అయినా వంకర తోకలు, వీర్యం నాణ్యత తగ్గడం వంటివి కనిపించాయి. బయటి రక్తం కోసం చివరికి 1988లో గడ్డకట్టించి దాచిన విల్లా అనే ఆడ ఫెర్రెట్ కణాల నుంచి 2020 డిసెంబరులో ఒక ప్రతిరూపాన్ని పుట్టించారు. ఆ తర్వాత పుట్టించిన మరో ప్రతిరూపం 2024లో పిల్లలను కన్నది. కొత్త రక్తం ఉన్న ఒక్క జంతువు కోసం వాళ్లు ముప్పై ఏళ్ల నాటి కణాలను కరిగించవలసి వచ్చింది. కాశీనగరం వారికి ఆ పని ఒక రోజు ప్రయాణంతో తీరిపోతుంది, ఆ తేడాను తక్కువగా చూడకండి అన్నదే నా మనవి.

ప్రశ్న అడిగినవారు: కాశీనగరం మేకలదొడ్డి

పెద్దనాన్నగారు పోతును మార్చడానికి ఒప్పుకున్నారు, మేనరికం లెక్క విన్నాక. రక్త నమూనాలు ఇచ్చి వచ్చాము. ఆఖరుగా ఒకటి అడుగుతాను. పాత పోతును మాంసానికి ఇవ్వడానికి ఇంట్లో ఎవరికీ మనసు రావడం లేదు. కాశీనగరంలోనే ఒకరు మందలోకి మంచి ధరకు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

జవాబు: గుణుపూర్ మందకాడ

ఇవ్వవచ్చు బాబూ, కాని ముందు రెండు సంగతులు చూసుకోండి. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా దాన్ని ఏ మందలోకీ పంపవద్దు. రోగం ఉంటే దాన్ని ఇంకొకరి దొడ్డికి చేర్చినవాళ్లమవుతాము. ఫలితం బాగుంటే, గత రెండేళ్లలో మీరు అమ్మిన మరకలు ఆ కొనేవారి మందలో ఎన్ని ఉన్నాయో అడగండి. కాశీనగరంలోనే అంటున్నారు కాబట్టి ఒకటో రెండో ఉండకపోవు. ఉంటే వాటిని పోతు నుంచి వేరుగా కట్టమని చెప్పి, దవడ పొట్టి పిల్ల పుట్టిన సంగతి కూడా దాచకుండా చెప్పి ఇవ్వండి. వాళ్లు వేరు చేయలేమంటే మీ మేకలు ఎప్పుడూ వెళ్లని ఊరి బేరం చూసుకోండి, ధర ఒక వెయ్యి తగ్గినా సరే.